చెయ్యెత్తినవాడు ఒక్కడే

ఆకలిగొన్నవాళ్ళకి అన్నం పెడుతుంటే చూసి ఏడ్చేవాణ్ణి ఏమంటాం? పాపిష్టివాడంటాం. ఆ లెక్కన మన హోటలాయన పాపిష్టివాడే. పొద్దున్నుంచీ ఖాళీ బల్లలనే తుడిచి తుడిచి, ఎదురుగా బడి ఆవరణలో వేసిన గుడారం వైపు చూసి కుళ్ళిపోతున్నాడు. ఆ గుడారంలో వరద సహాయ సంస్థవాళ్ళు వీధి వీధంతటికీ రెండు పూటలా భోజనం పెడుతున్నారు. ఉచితంగా, వేడివేడిగా, వద్దన్నా వినకుండా. ఇంక ఈయన హోటలుకి ఎవడొస్తాడు, చెప్పండి?

పోనీ, అక్కడితో ఆగినా సర్దుకునేవాడే. ఆ గుడారంలో పెద్ద గరిటె పట్టుకుని నిలబడిందెవరో తెలుసా? సాక్షాత్తూ ఆయన పెళ్ళాం.

"ఏమే, మన పొయ్యి ఆరిపోతుంటే ఎదుటివాళ్ళ పొయ్యి ఊదుతావా?" అని మొన్న అడిగాడు.

"నీ హోటల్లో ఎవరున్నారయ్యా నేను వండిపెట్టడానికి, ఈగలా?" అందావిడ. "అక్కడ జనం ఉన్నారు. వండితే తింటున్నారు."

ఆయన తువ్వాలు దులిపి మళ్ళీ ఖాళీ బల్ల తుడవడానికి పోయాడు.

ఏరు పొంగి వీధిలోకి వచ్చిన రోజు నీళ్ళు హోటలు బోర్డుదాకా లేచాయి. పోతూ పోతూ పొయ్యి, గిన్నెలు, బల్లలు పట్టుకుపోయి, బదులుగా మోకాలిలోతు బురద ఇచ్చిపోయాయి. ఆ మర్నాడే సంస్థవాళ్ళు పడవలేసుకుని వచ్చారు. మంచినీళ్ళు, దుప్పట్లు, మందులు పంచారు. పారలు పట్టి ఈయన హోటల్లో బురద ఎత్తిపోసిందీ వాళ్ళే. ఇప్పుడున్న పొయ్యి వాళ్ళిచ్చిందే. ఆ బల్లలూ వాళ్ళవే. ఇంత చేసినవాళ్ళని ఏ నోటితో వెళ్ళిపొమ్మంటాడు? పొమ్మనకపోతే బతికేదెట్లా? సరిగ్గా అక్కడే ఆయన బుర్ర ఇరుక్కుపోయింది. ముందుకూ రాదు, వెనక్కీ పోదు.

దానికి తోడు ఫోన్ల కొట్టువాడు వచ్చి, అడగకుండానే టేపు తీసి గది కొలుచుకున్నాడు. "నెలాఖరుదాకా చూస్తాను బాబాయ్. హోటలు నడిస్తే నీది, లేకపోతే నాకు అద్దెకిచ్చెయ్" అని నవ్వుతూ చెప్పిపోయాడు. తండ్రి కాలం నుంచీ పొయ్యి వెలిగిన గది అది. వాడు కొలుస్తున్నంతసేపూ హోటలాయనకి తన ఒంటికే కొలతలు తీస్తున్నట్టనిపించింది.

మధ్యాహ్నం కత్తెర బావ వచ్చాడు. కత్తెర బావంటే పక్కనే కటింగ్ షాపు పెట్టుకున్నాయన, వీధందరికీ బావే. "హమ్మయ్య, గిరాకీ" అనుకుని హోటలాయన కుర్చీ తుడవబోయాడు. బావ చేతిలో నిండు పళ్ళెం ఉంది.

"ఒక్కడివే కూర్చున్నావు, తిన్నావో లేదోనని వడ్డించుకొచ్చాను బావా" అన్నాడు.

గుడారంలో ఉచిత భోజనం తెచ్చి హోటలువాడికి హోటల్లోనే పెట్టడం! నెత్తిన చెంబెడు చన్నీళ్ళు గుమ్మరించినట్టయింది హోటలాయనకి. అయినా తిన్నాడు. ఆకలి కదా మరి. పెళ్ళాం చేతి కూర, ఉప్పూ కారం అన్నీ సరిగ్గా కుదిరాయి. ఇంత బాగా కుదిరినందుకు ఆవిడ మీద ఇంకా కోపమొచ్చింది.

తిన్న పళ్ళెం కడిగి, తాడోపేడో తేల్చుకుందామని గుడారానికి బయల్దేరాడు. సంస్థ తరఫున అన్నీ చూసుకునేది ఒకావిడ. తలమీద నీలం టోపీ తీయదు కాబట్టి అందరూ టోపీ మేడం అంటారు. ఆమెతో ఏమనాలో దారిపొడుగునా వల్లె వేసుకున్నాడు. "మేడం, మీరు చేసింది చాలు, ఇక దయచెయ్యండి." ఛ, మరీ మొరటుగా ఉంది. "మేడం, మీ వల్ల బతికాం, మీ వల్లే చస్తున్నాం." ఇదీ బాగోలేదు. తీరా ఎదురుపడితే ఆవిడ చెమటలు కక్కుతూ బస్తా దించుతోంది. ఆయన నోట్లోంచి ఊడిపడ్డ మాట ఏమిటనుకున్నారు?

"ఉల్లిపాయలేమన్నా తరగాలా మేడం?"

అంతే, సాయంత్రందాకా తరుగుతూనే కూర్చున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి. సగం ఉల్లివి, సగం సొంతవి. పెళ్ళాం పక్కనించి వెళ్తూ, "ఇంట్లో ఒక్క పాయ తరగవు కదయ్యా!" అని దెప్పి పోయింది.

పొద్దు వాలేవేళకి టోపీ మేడం అందరినీ గుడారంలో కూర్చోబెట్టింది.

"ఇది మేం తీర్మానించేది కాదు, మీరు చెప్పాలి" అంది. "కొట్లు తెరుచుకుంటున్నాయి. వంటశాల ఇంకా కావాలా, అక్కర్లేదా? మీకు కావాలంటే ఉంటాం. అక్కర్లేదంటే అవసరం ఉన్న ఇంకో చోటికి వెళ్తాం. కావాలనుకున్నవాళ్ళు చెయ్యెత్తండి."

హోటలాయన చెవులు రిక్కించాడు. ఇదే కదా తను కోరుకున్నది! నోరు విప్పి ఎవరినీ నొప్పించక్కర్లేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే చాలు, గది నిలుస్తుంది. అలాగే కూర్చున్నాడు కూడా. ఇంతలో ముందు వరసలో బండి తాత కనిపించాడు. ఆయన తోపుడుబండి వరదలో పోయింది. చక్రం ఒక్కటి దొరికితే దాన్నే ఇంటి గోడకి ఆనించి పెట్టుకున్నాడు. ఆ పక్కన టైలరమ్మ. ఆవిడ కుట్టుమిషను దొరికింది గానీ తుప్పు పట్టి తిరగడం మానేసింది. వీళ్ళు రేపు ఏం తింటారు? అనుకున్నాడో లేదో, చెయ్యి పైకి లేచిపోయింది. తను ఎత్తలేదు. దానంతటదే లేచింది.

చెయ్యి లేచాక చుట్టూ చూశాడు. గుడారం మొత్తానికి ఆ చెయ్యి ఒక్కటే లేచి ఉంది.

బండి తాత కాళ్ళకేసి చూసుకుంటున్నాడు. టైలరమ్మ పమిట కొంగు సర్దుకుంటోంది. కత్తెర బావ లేచి, "చాలు తల్లీ, ఎన్నాళ్ళని కూర్చుని తింటాం? మా వీధికి హోటలుంది" అన్నాడు. అందరూ అవునవునన్నారు. వద్దనాల్సినవాడు కావాలంటున్నాడు, కావాలనాల్సినవాళ్ళు వద్దంటున్నారు. హోటలాయనకి చెయ్యి దించాలో, అలాగే ఉంచాలో కూడా తెలియలేదు. పెళ్ళాం గరిటె పట్టుకుని నోరు తెరుచుకు చూస్తోంది.

"ఎందుకెత్తావయ్యా?" అని ఇంటికెళ్ళాక అడిగింది.

"ఏమో! నాకేం తెలుసు?" అన్నాడు. ఒట్టు, నిజంగానే తెలియదు.

మర్నాడు గుడారంలో పొయ్యి వెలగలేదు. హోటల్లో వెలిగింది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిసి గంగాళం నిండా వండారు. మధ్యాహ్నానికి జనం వచ్చేశారు! బల్లలన్నీ నిండిపోయాయి. హోటలాయన భుజాన తువ్వాలేసుకుని, "చెప్పండి చెప్పండి, ఏం తింటారు?" అని అటూ ఇటూ పరుగులు పెట్టాడు.

"ఒక టీ, రెండు కప్పుల్లో" అంది టైలరమ్మ.

"నాకు మంచినీళ్ళు చాలు నాయనా, ఇవాళ ఉపవాసం" అన్నాడు బండి తాత. ఆ తాత జన్మలో ఉపవాసం ఉండి ఎరగడు.

కత్తెర బావ బల్ల దగ్గర నలుగురు కూర్చుని ఒక్క భోజనం చెప్పారు. నాలుగు చెంచాలు అడిగారు.

"అదేంటి బావా, నిన్నటిదాకా మూడు మార్లు వడ్డించుకునేవాడివిగా?"

"ఆకలి లేదు బావా" అన్నాడు కత్తెర బావ, పళ్ళెంలోంచి కళ్ళు తిప్పకుండా.

హోటలాయనకి మళ్ళీ తికమక మొదలైంది. హోటలు నిండా జనం, గంగాళం నిండా కూర. ఇదెక్కడి విడ్డూరం? వంటగదిలోకి వెళ్ళి పెళ్ళాన్ని అడిగాడు. ఆవిడ గరిటె కింద పెట్టింది.

"నేనూ ఇందాకే టైలరమ్మని నిలదీసి తెలుసుకున్నాను" అంది. "ఫోన్ల కొట్టువాడు మన గది కొలిచాడని తెలిసి, అందరూ కుళాయి దగ్గర కూడి అనుకున్నారట. గుడారం ఉంటే మన హోటలు పోతుంది, ఎవరూ చెయ్యెత్తొద్దని. వాళ్ళకింకా పనులు మొదలవలేదయ్యా. మనకోసం కడుపు మాడ్చుకుంటున్నారు."

హోటలాయన పొయ్యి ముందు చతికిలబడ్డాడు. గుడారం వైపు చూసి తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. సిగ్గేసింది. ఎంత సిగ్గంటే, లేచి తువ్వాలతోనే వీధి దాటి పరుగెత్తాడు.

టోపీ మేడం చివరి గంగాళం వ్యానెక్కిస్తోంది.

"మేడం, వెళ్ళకండి. మా వాళ్ళందరూ అబద్ధమాడారు. నేనొక్కణ్ణే నిజం చెప్పాను, అదీ పొరపాటున."

ఆవిడ టోపీ తీసేసి, బోర్లించిన గిన్నె మీద కూలబడింది. "మీరు మొహమాటానికి ఎత్తారనుకున్నానండీ" అంది. "మీ హోటలు నలిగిపోవడం చూసే అడిగాను అందరినీ. ఏం చెయ్యమంటారిప్పుడు? ఉంటే మీకు నష్టం, పోతే వాళ్ళకి నష్టం."

ఆవిడకీ తోచడం లేదని తెలిసి హోటలాయనకి ఎందుకో ధైర్యమొచ్చింది.

"బస్తాలు మీవి, వంట మాది. మా హోటల్లోనే పెడదాం. వరసలో నిలబడడాలు వద్దు. ఇవ్వగలిగినవాడు ఇస్తాడు, లేనివాడు తినిపోతాడు. ఎవరేమిటన్నది ఎవరూ చూడరు."

"ఇలా ఎప్పుడూ చెయ్యలేదు. పైవాళ్ళని అడగాలి. ఒప్పుకుంటారని మాటివ్వలేను" అంది ఆవిడ. కాసేపు ఆలోచించి, "జవాబొచ్చేదాకా ఈ బస్తాలు మీ దగ్గరుంచండి" అని వ్యాను తలుపు మళ్ళీ తెరిచింది.

ఒక బస్తా భుజానేసుకుని తిరిగొచ్చేసరికి జనం ఇంకా కూర్చునే ఉన్నారు. టీలు చల్లారిపోయాయి. ఆయన ఎవరితో ఏమీ అనలేదు. పళ్ళాలు తెచ్చి, అడక్కుండానే అందరి ముందూ పెట్టి, నిండా వడ్డించుకుంటూ పోయాడు.

"ఆకలి లేదన్నానుగా బావా!" అన్నాడు కత్తెర బావ.

"నోరు మూసుకుని తిను. నిన్న చెయ్యెత్తనందుకు ఇదే నీకు శిక్ష."

అందరూ పళ్ళాల్లో చెయ్యి పెట్టారు. ఈ హోటలు నెలాఖరుకి నిలుస్తుందో, ఫోన్ల కొట్టవుతుందో హోటలాయనకి అంతుపట్టలేదు. ఇవాళ లాభమో నష్టమో కూడా తేల్చుకోలేకపోయాడు. గరిటె పట్టుకుని నిలబడి, "ఇంకెవరికన్నా కావాలా?" అని అడిగాడు.

బండి తాత ఆయన మొహంలోకి చూశాడు. పళ్ళెంలోకి చూసుకున్నాడు. మెల్లిగా చెయ్యెత్తాడు. తర్వాత టైలరమ్మ ఎత్తింది. కత్తెర బావ తల వంచుకునే ఎత్తాడు. ఆ తర్వాత హోటల్లో ఎత్తని చెయ్యి లేదు.