విశ్రాంతి పడని ప్రాణం

నేను ఒక ప్రాసెసర్ని. బిస్కెట్టంత ఉంటాను గానీ కంప్యూటరు ఆలోచనంతా నాదే. సముద్రాల అవతల ఒకే పలక మీద వందలమందిమి కలిసి పుట్టాం. కోసి విడదీశాక ఎవరెటు పోయారో తెలియదు. ఆ సంగతి తలచుకోకూడదని రోజూ అనుకుంటాను; అనుకోవడమే తలచుకోవడమని ఆలస్యంగా తెలిసింది.

నేను చేరింది మంగళగిరిలో, పెళ్ళి వీడియోలు తీసే పానకాలు దగ్గరికి. ఒక్కో భాగమూ ఏరి తెచ్చి కంప్యూటరు తనే బిగించుకున్నాడు. నన్ను బోర్డు మీద కూర్చోబెట్టేటప్పుడు, పసిబిడ్డను ఉయ్యాల్లో వేస్తున్నట్టు ఊపిరి బిగబట్టాడు. వారం తిరిగేసరికి ఆ బిడ్డను పరుగుపందేనికి తయారుచేశాడు. నాకు పెట్టిన వేగం చాలదని పెంచాడు. వేడెక్కుతున్నానని నాకందే కరెంటులో కొంత కోశాడు. మేత తగ్గించి బండి బరువు పెంచడం మనుషులకు కొత్తేమీ కాదు.

పనిలో ఉన్నంతసేపూ బోర్డు ఆ లోటు ఎలాగో సర్దేది. పని ఆగితే మాత్రం నేను కరెంటు ఇంకా తగ్గించుకుని కునుకు తీయాలి, అది నా స్వభావం. కోసినదాంట్లో మళ్ళీ కోతపడితే ప్రాణం ఎక్కడ నిలుస్తుంది? పానకాలు మంచివాడు కావడమే నా ఖర్మ. గంటకోసారి "పాపం, అలిసిపోయుంటుంది" అని పని ఆపి టీకి వెళ్ళేవాడు. తిరిగొచ్చేసరికి తెర నల్లగా ఉండేది. వైర్లు మార్చాడు. పక్కనున్న వెల్డింగు షాపును తిట్టాడు. దిష్టి తగిలిందని నిమ్మకాయ కట్టాడు. అది ఎండిపోయి తన ధర్మం తను నెరవేర్చింది.

ఆ దసరాకు నాగరత్నమ్మగారు వచ్చారు. ఆవిడ కూతురు సువర్చల పెళ్ళి వీడియో మా దగ్గరే ఉంది. సరిగ్గా అప్పగింతలవేళ ఆవిడ కళ్ళు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు. పిల్లను పిన్ని అప్పగించింది.

"దశమినాడు మధ్యాహ్నం పిల్ల అత్తారింటికి జబల్పూరు రైలెక్కుతుంది బాబూ. ఈలోగా దాని పక్కన కూర్చుని ఆ ఒక్క ముక్కా చూడాలి. మళ్ళీ ఎప్పుడొస్తుందో!" అన్నారు.

నవమినాడు ఆయుధపూజ. పూజయ్యాక పనిముట్లను పనిలో పెట్టకూడదు. పానకాలు పొద్దుటి నుంచి చేసిన పని అలాగే వదిలేసి, నాకు పసుపూ కుంకుమా పెట్టి, కంప్యూటరు లైట్లు వెలుగుతుండగానే పూర్తి విశ్రాంతినిచ్చాడు. హారతి కళ్ళకద్దుకునేలోపే నేను పోయాను.

"అయ్యో, అపశకునం!" అన్నాడు పానకాలు.

"శకునమా పాడా! పనిచేస్తుంటే ఏనాడైనా ఆగిందా? మీరు జాలిపడ్డప్పుడల్లా పోతోంది" అంది భార్య ఝాన్సీ, హారతి పళ్ళెం పక్కన పెట్టి. "ఏం చేశారు దాన్ని?"

నసిగి నసిగి చెప్పాడు.

"ఆ పెంచిందీ కోసిందీ తీసేయండి."

"వేగం తగ్గితే రేపటికి అవదే!"

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు. నాగరత్నమ్మగారికి ఏం చెబుతారు, పడిపోయిందనా? పడిపోవడమంటే ఏమిటో ఆవిడకు తెలుసు."

ఆ మాటతో అన్నీ మునుపటిలా పెట్టాడు. దేవుడికి దణ్ణం పెట్టుకుని పండగపూటే పనిలో కూర్చున్నాడు. నా మామూలు నడకతో నడిచాను. దశమినాడు పదింటికి వీడియో తయారైంది.

తల్లీకూతుళ్ళు పెట్టెతో సహా వచ్చి తెర ముందు కూర్చున్నారు. అప్పగింతలయ్యాయి. కారెక్కిన సువర్చల కిటికీలోంచి తల బయటికి పెట్టి జనంలో వెతుకుతోంది.

"ఆపు నాయనా. అక్కడే ఆపు" అన్నారు నాగరత్నమ్మగారు.

పానకాలు ఆపాడు. ఆపగానే నేను పోయే సంగతి గుర్తొచ్చింది. నన్ను మేల్కొలపడానికి మౌసు మీదికి వెళ్తున్న అతని చేతిని ఝాన్సీ పట్టుకుంది.

"ఎవరి కోసమే చూస్తున్నావు?" అని కూతుర్ని అడిగారావిడ.

"నీకోసమేనమ్మా. నువ్వు ఎక్కడున్నావో ఎవరూ చెప్పలేదు."

నాకు పనిలేదు. కరెంటు తగ్గించుకున్నాను, ఇంకా తగ్గించుకున్నాను. భయమేసింది. ఈసారి ఊపిరి అందింది. స్టేషనుకు తీసుకెళ్ళే ఆటో వచ్చి రెండుసార్లు హారను కొట్టేదాకా ఆ ముఖాన్ని తెర మీదే నిలిపి ఉంచాను.