రాదని చెప్పే పుస్తకం

పిలిచారా, లేక బస్సు కిటికీ అద్దమే అలా మోగిందా, నీలా అని వినబడ్డట్టయింది, మూడోసారి పిలిస్తే తప్ప పలకొద్దని మా తండాలో చిన్నప్పటి నుంచీ చెప్తారు, మొదటి రెండు పిలుపులూ మనుషులవి కావట, హైస్కూల్లో సైన్సు చెప్పే పంతులమ్మను, అయినా నోరు బిగించి రెండో పిలుపు కోసం చూస్తున్నాను, రాలేదు, మునగాల దాటింది, పక్కన అమ్మ దవాఖాన చీటీ కొంగులో ముడేసుకుని కునుకుతున్నది, అమ్మకూ మొదట ఇట్లాగే ఉండేదేమో, వడ్లు చెరుగుతూ ఆగిపోయి ఎప్పుడో చచ్చిపోయిన తన చెల్లెలికి జవాబు చెప్పేది, గదిగో పిలుస్తున్నది, నీకు ఇనబడ్తలేదా బిడ్డా అని నా మొహంలోకి చూసేది, అప్పుడు నాకు అమ్మ మీద జాలి కన్నా నా గురించి భయమే ఎక్కువ వేసేది.

అమ్మ జబ్బు కమలాబాయి కూతురికి, అంటే నాకు కూడా వస్తదా, నాకు కావలసింది ఈ ఒక్క జవాబు, సూర్యాపేట బస్టాండులో కొన్న పుస్తకమేమో మండలం పాటు దీపం వంక చూస్తే ఏ మనోవ్యాధీ దరిచేరదంది, చూశాను, కళ్లు మండాయి, మిర్యాలగూడలో పాత పుస్తకాల కుప్పలో దొరికినదాంట్లో ఆ జబ్బు గురించిన పేజీలే లేవు, చివరికి ఎనభై తొమ్మిదినాటి నా బీఎడ్ గైడును పట్టుకున్నాను, వంశపారంపర్యం, పది మార్కుల ప్రశ్న, తల్లి నుండి బిడ్డకు సంక్రమించును అని నేనే కింద గీత గీసి బట్టీ పట్టాను, ఫస్టు క్లాసు తెచ్చిపెట్టిన వాక్యం ఇంట్లో మాత్రం అబద్ధమెలా అవుతుందని నిద్ర మానేశాను, అన్న కిష్ట్యాకు విసుగొచ్చింది, సదివి సదివి నువ్వే పరేషానైతున్నవ్, అమ్మను కోదాడ దవాఖానకు తోల్కపో అన్నాడు.

డాక్టరమ్మ అమ్మకు మాత్రలు రాసి, మీ కళ్లెందుకండీ అంత ఎర్రగా ఉన్నాయి అంది, చెప్పాను, ఆవిడ బీరువాలోంచి అట్ట ఊడిన పుస్తకం తీసిచ్చింది, ఇప్పుడు ఒళ్లో ఉన్నది అదే, ఒక్కో ఇంగ్లీషు ముక్కా కూడబలుక్కుంటూ చదివాను, కొందరికి రావచ్చు, ఎక్కువ మందికి రాదు, ఎవరికి వస్తుందో ఇంకా తెలియదు, తెలియదా, ఇంత లావు పుస్తకం రాసి తెలియదంటారా, టపీమని మూసేశాను, ఇదీ పనికిరాదు, హైదరాబాదులో ఇంకోటి వెతకాలి.

ఇంకోటి దొరికితే, అదీ ఇదే మాటంటే, దాన్నీ మూసేస్తాను, నాకు కావలసింది నిజం చెప్పే పుస్తకం కాదు, నీకు రాదు బిడ్డా అని చెప్పే పుస్తకం, ఆ మాట బస్టాండు పుస్తకం చెప్పినా నమ్మాను కదా, తెలియదని ఒప్పుకున్నది మాత్రం ఇదొక్కటే, ఇన్నిటిలో నాకు అబద్ధం చెప్పనిది ఇదొక్కటే, అందుకే దీన్ని చూస్తే ఇంత భయం.