పెళ్ళికూతురికి ఏ పూట ఎండ?

వంటగట్టు మీద పిండిన నిమ్మచెక్కలు గుట్టగా పడి ఉన్నాయి. పక్కన గిన్నె నిండా రసం. పిండిన మనిషి మాత్రం లేదు.

"లియానీ!" అని కేకేశాను.

పలుకు లేదు. గదిలో చూశాను. లేదు. డాబా ఎక్కి చూశాను. మిట్టమధ్యాహ్నం నా డాబా మీద ఎవరినీ పడుకోనివ్వను కాబట్టి చాపలన్నీ చుట్టేసి ఉన్నాయి. పిట్టగోడ మీదికి వంగి వీధిలోకి చూశాను. ఎదురింటి గేటు దగ్గర, ఆడవాళ్ళు విడిచిన చెప్పుల వరసలో, పసుపురంగు జత ఒకటి కనిపించింది.

లియానీ చెప్పులు. మరీల్జా ఇంటి ముందు.

ఆ పిల్ల చేతులు కడుక్కుందా?

నిమ్మరసం అంటిన ఒంటితో ఎండలోకి వెళితే ఏమవుతుందో మా బంగూ పేటలో ఎవర్నడిగినా చెబుతారు. ఆ పూటకి ఏమీ ఉండదు. మర్నాటికి ఎర్రగా కందుతుంది. తర్వాత బొబ్బలు. బొబ్బలు పోయినా నల్లమచ్చలు నెలల తరబడి పోవు. రియో మొత్తంలో మా పేట ఎండే ఎండ. అందుకే సెలవురోజు చెరుకుసారాలో నిమ్మకాయ పిండుకున్నాక చేతులు రుద్ది రుద్ది కడుక్కోవడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. కానీ లియానీ బంగూ పిల్ల కాదు. మా దేశంలో దక్షిణానికి పోయేకొద్దీ చలి; అక్కడ పొలాల మీద మంచు పేరుకునే ఊళ్ళో పుట్టింది. ఎల్లుండి నా కొడుకు క్లాడెమీర్‌ని పెళ్ళి చేసుకోబోతోంది. విందుకి నిమ్మరసం పిండమని చెప్పింది నేనే.

మెట్లు రెండేసి చొప్పున దిగాను.

నా పని చెప్పాలి. ఒంటికి ఎండ పట్టించడం నా వృత్తి. డాబా మీద ఆడవాళ్ళని పడుకోబెడతాను. ఈతబట్టలు వేసుకుంటే గీత వంకర పోతుందని, కరెంటు పనివాళ్ళు వాడే నల్ల టేపుని ఒంటికి కొలిచి, బట్టల ఆకారంలో అంటిస్తాను. ఎండ పట్టాక టేపు పీకితే చుట్టూ రంగు తేరిన ఒళ్ళు, మధ్యలో దారప్పోగులాంటి తెల్లటి గీత. ఆ గీత భుజం మీద కనపడకుండా మా వీధిలో ఏ పెళ్ళికూతురూ చర్చి మెట్లెక్కదు.

ఎవరికి ఏ పూట ఎండ అన్నదే ఇందులో కీలకం. టేపు అంటించడం ఎవరైనా నేర్చుకుంటారు. నా లెక్కలో ఒళ్ళు నాలుగు రకాలు: పాలు, తేనె, దాల్చినచెక్క, కాఫీ. కాఫీ ఒళ్ళు పొద్దెక్కిన ఎండకి కూడా ఓర్చుకుంటుంది, నీళ్ళు చల్లుతూ ఉంటే. దాల్చినచెక్కకి అంతకన్నా ముందు. తేనెకి ఇంకా ముందు. పాలకి తొలిపొద్దు మాత్రమే, అదీ కాసేపే.

లియానీని మొదటిసారి చూసినప్పుడే అనుకున్నాను, పాలు అని. వారం రోజులుగా తెల్లవారుజామునే లేపి, సూర్యుడు ఇంకా కళ్ళు నులుముకుంటుండగా పడుకోబెట్టి, కాస్త వెచ్చబడగానే లేపేస్తున్నాను. గీత రాలేదు. రోజూ అద్దంలో భుజం చూసుకుని మొహం ముడుచుకునేది. నిన్న కూరగాయల బండి దగ్గర ఎవరో "పెళ్ళికూతురా, పెరుగు గిన్నెలోంచి వచ్చిందా?" అన్నారట. ఇంటికొచ్చి అన్నం తినలేదు.

మరీల్జా గేటు తోసుకుని లోపలికి వెళ్ళాను. ఆరేళ్ళ తర్వాత ఆ గడప తొక్కడం అదే మొదలు. టేపు పట్టుకోవడం తనకి నేర్పింది నేను. ఒకే డాబా మీద ఇద్దరం పనిచేశాం. ఒకనాడు నా ఎదురుగానే సొంత డాబా తెరిచింది. ఆ రోజునుంచి మాటల్లేవు.

కింది గదిలో ఎవరో ఆవిడ నడుముకి టేపు అంటిస్తూ మరీల్జా తలెత్తింది.

"ఓహో! ఏమ్మా నల్వా, దారి తప్పావా?"

"నా కోడలెక్కడ?"

"ఇంకా కాలేదుగా కోడలు. పైనుంది."

నేను మెట్ల వైపు కదిలాను. మరీల్జా అడ్డంగా వచ్చి చెయ్యి గుమ్మానికి ఆనించింది. పెద్ద మనిషి. గుమ్మం మూసుకుపోయింది.

"టేపు లేనివాళ్ళు పైకి వెళ్ళకూడదు. ఈ రూలు పెట్టిందెవరు? నువ్వే కదా!"

నిజమే. ఒకసారి ఎవరి ఆడపడుచో నిండుగా బట్టలేసుకుని ఫోను పట్టుకుని డాబా ఎక్కితే, పడుకున్న ఆడవాళ్ళు గోల గోల చేశారు. అప్పుడు పెట్టాను ఆ రూలు.

"ఇంత ఎండలో దాన్ని పడుకోబెట్టావా? పాలలాంటి పిల్లని! నీకేమైనా బుద్ధుందా?"

"ఏయ్, మాట జాగ్రత్త! నేనేమన్నా కసాయిదాన్నా? టార్పాలిన్ నీడలో కూచోబెట్టాను. నాలుగయ్యాక బయటికి తీస్తానని చెప్పాను. నేర్చుకున్నది నీ దగ్గరే, అదేమీ మర్చిపోలేదు."

"మరీల్జా, పొద్దున్నుంచీ అది నిమ్మకాయలు పిండింది."

ఆమె చేతిలో టేపు చుట్ట కిందపడి దొర్లుకుంటూ పోయింది.

"ముందే చెప్పి చావచ్చుగా!"

సగం టేపుతో నిలబడ్డ ఆవిడని అక్కడే వదిలేసి ఇద్దరం మెట్ల మీద పరుగెత్తాం. మెట్లు ఇరుకు. మరీల్జా ముందు, నేను వెనక. ఆమె ఎంత లావున్నా ఆ రోజు నాకంటే ముందే పైకి చేరింది.

నన్ను చూడగానే డాబా అంతా గొల్లుమంది.

"అమ్మో, బట్టలేసుకున్న మనిషి!"

"ఫోనుందా దాని దగ్గర? ఫోనుందా?"

టార్పాలిన్ కింద చాప ఖాళీగా ఉంది.

"తియానా, ఆ దక్షిణాది పిల్లేది?" మరీల్జా అరిచింది.

తియానా మా పేటలో చికెన్ పకోడీలు అమ్మే మనిషి. కాఫీ ఒళ్ళు, కాఫీ కంటే ఘాటైన నోరు. బోర్లా పడుకుని తల మాత్రం తిప్పింది.

"అదిగో, ట్యాంకు వెనక. నువ్వలా దిగావో లేదో చాప ఈడ్చుకుని వెళ్ళింది. 'అమ్మాయ్, నా ఒంటికే మండుతోంది, నువ్వెంత' అన్నాను. వింటేగా! పెళ్ళికాకముందే ఎవరి మాటా వినట్లేదు, ఇక అయ్యాక నల్వా కొడుకు సంగతి దేవుడికెరుక."

నీళ్ళ ట్యాంకు అవతల, తెల్లటి సిమెంటు ఎండని రెట్టింపు చేసి మొహాన కొడుతున్న మూల, లియానీ వెల్లకిలా పడుకుని ఉంది. చేతులు రెండూ పక్కకి చాపి, అరచేతులు కిందకి పెట్టి. కళ్ళు మూసుకుని నవ్వుకుంటోంది.

నేను ఒక రెక్క పట్టుకున్నాను. మరీల్జా ఇంకో రెక్క. అలాగే ఎత్తి నీడలోకి లాక్కొచ్చాం. నీళ్ళ పైపు తిప్పి, సబ్బు పట్టుకుని, మోచేతుల దాకా రుద్దడం మొదలుపెట్టాం. ఆ పిల్లకి ఏమీ అర్థంకాక గింజుకుంది.

"వదలండి! నల్వాగారూ, వదలండి నన్ను!"

"ఎంతసేపైంది ఎండలోకొచ్చి? నిజం చెప్పు!"

"ఇప్పుడే! ఇప్పుడే వచ్చాను!"

"పాట ఒకటి అయ్యి రెండోది మొదలైంది, అంతే," అంది తియానా, రేడియో వైపు చూస్తూ.

నిమ్మరసం సంగతి చెప్పాను. లియానీ మొహం పాలిపోయింది, ఇంకా పాలిపోవడానికి చోటుందని నాకు అప్పుడే తెలిసింది. చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత ఏడుపు మొదలైంది. నిమ్మరసం గురించి కాదు.

"మీకు నేనంటే ఇష్టం లేదు. అందరికీ మంచి ఎండ ఇస్తారు. నన్ను మాత్రం చీకట్లో లేపి, ఎండని అలా చూపించి లాగేస్తారు. శనివారం ఇదే తెల్లటి భుజంతో నడవాలి నేను. వాళ్ళంతా నవ్వుతారు. క్లాడెమీర్ ఏమీ అనడు. అందుకే ఇంకా బాధగా ఉంటుంది."

నేను సబ్బు పక్కన పెట్టాను. తియానా చెయ్యి చాపి రేడియో ఆపేసింది.

మరీల్జా పైపు ఆపి, లియానీ ఎదురుగా గొంతుక్కూచుంది. ఆమె చెయ్యి తిప్పి మోచేతి లోపల చూసింది. మెడ వెనక జుట్టు ఎత్తి చూసింది. వీపు మీద సన్నటి మచ్చలు చూసింది.

"అమ్మాయ్, చిన్నప్పుడు పొలంలో తిరిగేదానివా?"

"వేసవంతా. పొగాకు తోటలో నాన్నకి సాయం."

"అప్పుడు ఎర్రబడేదానివా, రంగు తిరిగేదానివా?"

"మొదటి రోజు కాస్త ఎర్రబడేదాన్ని. తర్వాత వేసవి పోయేసరికి మా అమ్మ బ్రెడ్డుముక్క అని పిలిచేది."

మరీల్జా నా వైపు తిరిగింది.

ఆ ప్రశ్న నా గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతి మనిషినీ అడుగుతాను. దాని తర్వాతే ఎండ సంగతి. లియానీని అడగలేదు. కొడుకు పెళ్ళాడబోయే పిల్ల కదా, మొహం చూసి తేల్చేశాను. ఈ పిల్ల పాలు కాదు. పాలమీగడ కింద తేనె. ఎండ పట్టే ఒళ్ళే, కాకపోతే మెల్లగా పడుతుంది. దానికి కావాల్సింది తక్కువ మంటా, ఎక్కువ సేపూ. మా బంగూలో వేసవిపొద్దు అలా ఉండదు. ఇలా లేస్తుందో లేదో అలా చెంప పగలగొడుతుంది. మెల్లగా, చాలాసేపు ఉండే ఎండ సాయంత్రానిదే.

సాయంత్రం ఎండ నా డాబా మీద లేదు. పడమటి వైపు కొత్తగా లేచిన అపార్టుమెంటు మూడింటికే నీడ పరిచేస్తుంది. అది లేచాక సాయంత్రాలు నేను తలుపు మూసేసి, ఏ ఒంటికీ సాయంత్రం ఎండ పనికిరాదని నాకు నేనే చెప్పుకుంటున్నాను. మరీల్జా డాబా మీద మాత్రం చీకటి పడేదాకా ఎండ ఉంటుంది. ఆ సంగతి నా పిట్టగోడ మీంచి రోజూ చూస్తూనే ఉన్నాను.

"ఇవాళ వద్దు," అంది మరీల్జా. "ఇవాళ్టికి తిన్నది చాలు. ఒంటికి కలబంద రాసి నీడలో ఉంచు. రేపు నాలుగింటికి తీసుకురా. మచ్చ తేలకపోతే చూద్దాం."

"ఇక్కడికా?"

"కాకపోతే ఆ అపార్టుమెంటు పడగొట్టి వస్తావా?"

తియానా పడుకున్న చోటే నవ్వింది. "తీసుకురా నల్వా. పెళ్ళి నీ కొడుకుది, పంతం నీది. రెండింట్లో ఏది ఆపుతావో ఆపు."

ఆ సాయంత్రం నుంచి లియానీ చేతుల్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. తనూ అంతే. గిన్నె కడుగుతూ ఆగి చూసుకునేది. క్లాడెమీర్ వచ్చి ఏమైందని అడిగితే ఇద్దరం ఒకేసారి "ఏం లేదు" అన్నాం. ఇద్దరం ఒకే మాట అనడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున కుడి మణికట్టు దగ్గర చిన్న ఎరుపు తేలింది, చిక్కుడుగింజంత. మధ్యాహ్నానికి పెరగలేదు. బొబ్బ లేదు. మిగతా చెయ్యి శుభ్రంగా ఉంది. మణికట్టుకి గుడ్డ చుట్టి, పిల్లని వెంటబెట్టుకుని వీధి దాటాను. అరుగుల మీది ఆడవాళ్ళందరూ పని మానుకుని చూశారు. చూసుకోమన్నాను.

మరీల్జా టేపు కత్తిరించి సిద్ధంగా ఉంది. ఒక ముక్క నా చేతికిచ్చింది.

"ఎడమ వైపు నువ్వు. కుడి వైపు నేను. నీ గీత మందంగా వస్తుంది, సన్నగా లాగు."

"నాకు నేర్పుతున్నావా?"

"నేర్పకపోతే ఎలా వస్తుంది?"

లియానీ పడుకుంది. ఎండ పక్కనుంచి, వంగి, పెద్దమనిషిలా వచ్చింది. చురుక్కుమనలేదు. మేమిద్దరం చెరోవైపు కూచుని నీళ్ళు చల్లుతూ ఉన్నాం. కాసేపటికి పిల్లని బోర్లా తిప్పాం. "ఇందులో నిమ్మరసం లేదులే" అంటూ మరీల్జా కాఫీ తెచ్చింది, నన్ను చూసి నవ్వుతూ. మాట్లాడుకున్నాం. పెద్ద మాటలేం కావు. ఏ టేపు జిగురు బాగుంది, ఎవరి ఒళ్ళు ఎలా ఉంది, నా దగ్గరికొచ్చే తేనెరకం వాళ్ళలో ఎంతమందికి సాయంత్రం ఎండ అయితే బాగుంటుంది. ఆ తేనెరకాన్ని తన దగ్గరికి పంపమంది. పొద్దున ఎండ కావాల్సినవాళ్ళని నాకు పంపుతానంది. పొద్దున్నే లేవడం తనకి ఎప్పుడూ బద్ధకమే.

పొద్దు వాలాక టేపు పీకాం. లియానీ కళ్ళు మూసుకుంది. మరీల్జా అద్దం పట్టుకుంది.

"చూడవే పిచ్చిదానా!"

గీత వచ్చింది. దాల్చినచెక్క ఒంటి మీద కనిపించినట్టు కొట్టొచ్చేదేం కాదు. లేత తేనెరంగు మధ్య సన్నగా, తెల్లగా, భుజం మీంచి వీపు దాకా. లియానీ కెవ్వున అరిచింది. డాబా మీద ఉన్న అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె ముందు మరీల్జాని కౌగిలించుకుంది, తర్వాత నన్ను. నాకు రెండో స్థానం వచ్చినందుకు బాధ కలగలేదు. ఆ వరస న్యాయమైనదే.

శనివారం చర్చిలో పాదిరీగారు భార్యాభర్తల ధర్మాల గురించి చెబుతున్నారు. మా వీధి ఆడవాళ్ళలో ఒక్కరూ వినడంలేదు. అందరి చూపూ వీపు తెరిచిన తెల్ల గౌను మీద, ఆ గౌను పక్కనుంచి తొంగి చూస్తున్న గీత మీద. వెనక వరసలోంచి తియానా గొంతు వినిపించింది, గుసగుస అనుకుని మాట్లాడే గొంతు: "వచ్చిందే! మన పిల్లకి గీత వచ్చింది!"

లియానీ విన్నది. వెనక్కి తిరగలేదు గానీ, భుజం కాస్త పైకెత్తింది.

పక్కన కూచున్న మరీల్జా నా డొక్కలో పొడిచింది.

"ఎడమ వైపు వెంట్రుకంత వంకర పోయింది, చూశావా?"

"నోరు మూసుకుని పెళ్ళి చూడు," అన్నాను.

చూశాను. వంకర పోయింది నిజమే.