అల్లుడుగారి వెదురు పెరుగు

మా వైపు మగవాడు పెళ్ళయ్యాక అత్తగారింటికే కాపురానికి వస్తాడు. ఎన్నేళ్ళున్నా అక్కడ చుట్టమే. ఎవరూ పల్లెత్తు మాట అనరు. జస్రియాల్ ఆ ధీమాతోనే కోతలు కోసేవాడు.

అత్తగారు నూర్లిస్ జ్వరం తగ్గాక విరేచనాలు పట్టుకుని నీరసించిపోయింది. దదీహ్ తింటే పేగులు కుదుటపడతాయంది నర్సు. గేదెపాలు పచ్చి వెదురు గొట్టంలో పోసి, అరటాకు మూత కడితే తోడు వెయ్యకుండానే గడ్డకట్టే పెరుగు అది.

"బజారుదెందుకత్తయ్యా! మా అమ్మ చేస్తుంటే చూస్తూ పెరిగినవాణ్ణి. నేను చేస్తా," అన్నాడు జస్రియాల్.

చూడటమే గానీ ఏనాడూ చేసిన పాపాన పోలేదు. రోగికి పెట్టేది కదా అని పాలు కాచి అడుగంటించాడు. గొట్టాన్ని మరిగే నీళ్ళతో కడిగాడు. పచ్చిపాలలో, వెదురు లోపలి పొరలో ఉండే తోడు కాస్తా ఆ వేడికి చచ్చింది. రెండు రోజుల తర్వాత మూత విప్పితే కుళ్ళు కంపు. గుట్టుగా కాలవలో పారబోశాడు.

ఒప్పుకుంటే పరువేం కాను? తిన్నగా తన తల్లి సంసినార్ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ పొలంలో ఉంది. వంటింట్లో రెండు దదీహ్ గొట్టాలు గోడకి ఆనించి ఉన్నాయి. ఆవిడకీ కడుపులో మంట, పైగా గేదె వట్టిపోయే రోజులు. అవన్నీ తెలిసి కూడా రెండూ ఎత్తుకొచ్చాడు, బుద్ధిలేనివాడు.

నూర్లిస్ అటుకుల్లో దదీహ్ కలిపి, బెల్లంపాకం పోసుకు తిన్నది. "ఎంత కమ్మగా ఉందో! బంగారు చేతులండీ అల్లుడుగారూ మీవి."

ఆవిడ కడుపు కుదుటపడింది. ఇరుగుపొరుగు వస్తే చాలు, అల్లుడి గొప్ప చెప్పేది. విన్నప్పుడల్లా జస్రియాల్‌కి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఉపవాసాల నెల ముందు కోడళ్ళు అత్తలకి తినుబండారాలు తీసుకెళ్ళాలి. ఆ వారమే అతని భార్య ఎర్నిస్ తట్ట సర్దుతూ, విప్పని రెండో గొట్టం కూడా పెట్టింది.

"అదెందుకు? తీసెయ్," అన్నాడు.

"కొడుకు చేసింది తల్లి తినొద్దా?"

అతను కాళ్ళీడ్చుకుంటూ వెనకే నడిచాడు.

సంసినార్ గొట్టం అందుకుంది. మూత కట్టిన ముడి మీద ఆవిడ వేలు ఆగింది. ఆ ముడి వేసింది ఆవిడే. విప్పి ఒక చెంచా తిన్నది.

"బాగుందమ్మా. మావాడికి బాగానే పనొచ్చింది," అంది కోడలితో.

మెట్లు దిగుతుంటే కొడుకు దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "ఊరంతా వెతికాన్రా. అడిగితే ఇవ్వనా?"

అంతకన్నా రెండు తగిలించినా బాగుండేది. దారిలో ఇక ఉండబట్టలేక భార్యతో అనేశాడు. "అది మా అమ్మ చేసిందే. దొంగతనంగా తెచ్చా."

"తెలుసు. పాలు మాడ్చిన కంపు ఇంట్లో ఇంకా పోలేదు. అందుకే ఆవిడది ఆవిడకి తెచ్చిచ్చా."

"మీ అమ్మకి మాత్రం చెప్పకు."

"చెప్పేదేముంది? మన పెళ్ళిలో మీ అమ్మ చేసిన దదీహ్ మా అమ్మ తినలేదా ఏం? మొదటి ముద్దకే పోల్చుకుంది. ఇంటల్లుణ్ణి ఏమంటుంది మరి?"

జస్రియాల్ పొలంగట్టు మీద కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ అందరినీ బురిడీ కొట్టించాననుకున్నాడు. ముగ్గురాడవాళ్ళూ కలిసి తన పరువు కాస్తున్నారని ఇప్పుడు తెలిసింది.

"లేవండి. మా అమ్మ అన్నానికి మనకోసం చూస్తుంటుంది," అంది ఎర్నిస్.

అత్తగారు మళ్ళీ బంగారు చేతులంటుంది. ఆ చేతులతోనే ఆవిడ ఎదుట కూర్చుని తినాలి.