నారాయణస్వామి సూస్తాండాడు

గోవిందమ్మ దోటితో తుమ్మకొమ్మ వంచి గొర్రెపిల్లల ముందు కాయలు రాలుస్తుండగా ఎదురింట్లో ఏడుపు లేచింది. పాపన్న డప్పు భుజాన వేసుకుని దడి పక్కగా పోతూ చెప్పాడు.

"నారాయణస్వామి పొయ్యినాడు మే. కాఫీ తాగి, గ్లాసు కింద బెట్టి, అట్లే ఒరిగినాడంట."

"ఈ పొద్దేనా?" అంది గోవిందమ్మ.

"సావుకు వారమూ వర్జ్యమూ ఉంటాదా?"

"రేపు పోగూడదా? ఇన్నేండ్లు ఆ కుర్చీలో కూర్చున్నోడు ఇంకొక్క పూట కూర్చోలేకపొయ్యినాడా?"

పాపన్న ఆమెను వింతగా చూసి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం కుప్పంలో ఆమె కూతురు కల్పనకు ఈత పోటీ ఉందనీ, గెలిస్తే బెంగళూరు శిక్షణకు ఎంపికవుతుందనీ అతనికి తెలియదు. తెలిసినా, దానికీ ఎదురింటి ముసలాయన ప్రాణానికీ ఏం సంబంధమో అర్థమయ్యేది కాదు.

సంబంధం ఉంది. కల్పనకు ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి మునిరాజ ఆమె నడుముకు ఎండిన సొరబుర్ర కట్టి నారాయణస్వామి బావిలో దింపాడు. గొర్రెలోళ్ళ పిల్ల మునిగిన నీళ్ళు తన చెనక్కాయ చేనుకు పారడం నారాయణస్వామికి నచ్చలేదు. చెప్తే సరిపోయేది. చెప్పలేదు. ఒక రాత్రి బావిలో సర్కారు కంప తోయించాడు, నీళ్ళకు జానెడు కింద, పైకి కనబడకుండా. పొద్దున్నే కల్పన గట్టు మీంచి దూకింది. ముల్లు మోకాలి నుంచి తొడదాకా చీల్చింది. నెత్తురు కారే పిల్లను ఎత్తుకుని గోవిందమ్మ పోతుంటే ఆయన అరుగు మీద కుర్చీలోంచి చూశాడు. నవ్వాడని గోవిందమ్మ అంటుంది. పళ్ళు ఎత్తు మనిషి కనక, నవ్వో కాదో చెప్పడం కష్టం.

ఆపైన ఏటా బడి సెలవులకు ముందు బావిలో కొత్త కంప పడేది. శుభ్రత విషయంలో ఆయనకంత పట్టింపు.

గాయం మానగానే గోవిందమ్మ పిల్లను గుట్ట వెనక క్వారీ గుంతకు తీసుకుపోయింది. ఆమెకు ఈత రాదు. సొరబుర్ర తాడుకు ఇంకో తాడు ముడేసి, కొస పట్టుకుని గట్టు మీద నిలబడేది. కాళ్ళూ చేతులూ ఎట్లా ఆడించాలో చెప్పడం చేతకాదు కాబట్టి చేతనైనది చెప్పేది. పిల్ల అలసి తేలిపోయినప్పుడల్లా "నారాయణస్వామి సూస్తాండాడు!" అని అరిచేది. పిల్ల పళ్ళు బిగించి మళ్ళీ అవతలి గట్టుకు పోయేది. కొన్నాళ్ళకు సొరబుర్రతో పని లేకపోయింది. గోవిందమ్మ దాన్ని ఇంటి ముందు పందిరి గుంజకు, ఎదురింటి కుర్చీకి సరిగ్గా కనబడేలా వేలాడగట్టింది.

మునిరాజ మదనపల్లె టమోటా మండీలో హమాలీగా కుదిరాక, కల్పన అతని దగ్గరుండి అక్కడి స్విమ్మింగ్ పూల్‌లో చేరింది. పుంగనూరులో మొదటి పోటీకి తల్లి పోలేకపోయింది. కల్పన రెండోదిగా వచ్చి, "ఎవురూ ఆ పేరు అరస్లేదు మ్మా" అని ఏడ్చింది. అప్పట్నుంచీ కోచ్ హరినాథ్ ఈల జేబులో పడేసి "నారాయణస్వామీ!" అని కేకలు పెట్టడం మొదలుపెట్టాడు. తక్కిన పిల్లల తల్లులు ఆయన్ను గొప్ప భక్తుడనుకున్నారు. ఒకావిడ ప్రసాదం కూడా తెచ్చిపెట్టింది.

ఇప్పుడు ఆ పేరుగలాయన దవడకు గుడ్డ కట్టించుకుని అరుగు మీద పడుకున్నాడు. గోవిందమ్మ పోయి చూసింది. ఆయన భార్య రాజమ్మ ఆమె చేతులు పట్టుకుంది.

"సూడు గోవిందమ్మా, నీతో కొట్లాడేదానికైనా లేసొస్తాడేమో సూడు!"

గోవిందమ్మకూ కావాల్సింది అదే.

పోటీకి ముందు కల్పన ఫోన్ చేస్తుంది. డప్పుల మోత వినబడకూడదు. గోవిందమ్మ గొర్రెలను తోలుకుని గుట్ట వెనక్కి పోయింది. క్వారీ గుంత పక్కన ఫోన్ మోగింది.

"మ్మా, ఆయప్ప ఏం జేస్తాండాడు?"

"అరుగు మీదే ఉండాడు."

"నా గురించి ఏమన్నా అన్న్యాడా?"

"యాల అనడు? గొర్రెలోళ్ళ పిల్ల కుప్పం పొయ్యి నీళ్ళు తాగొస్తాదన్న్యాడు. కాలు మింద కాలేస్కోని."

అవతల ఊపిరి బుస్సుమంది. "పెట్టెయ్" అంది కల్పన.

చచ్చినవాడి మీద అబద్ధమాడినందుకు గోవిందమ్మ లెంపలేసుకుంది. ఒక చెంపకే.

పొద్దు వాలాక ఆమె తిరిగొచ్చేసరికి దహనం ముగించుకొచ్చినవాళ్ళు బావి గట్టున నిలబడి ఉన్నారు. మునిగి ఇంటికి పోవాలి. లోపల చూస్తే కంప. తల గొరిగించుకున్న పెద్దకొడుకు శివకుమార్ ఆమె భుజం మీది దోటి చూశాడు.

"గోవిందమ్మా, దాన్నిట్లియ్యి. కంప పక్కకు లాగి మునిగిపోతాం."

గోవిందమ్మ దోటిని భుజం మార్చుకుంది. "మీ నాయన ఏసిన కంప గదప్పా. ఆయన్నే తీయమను."

శివకుమార్ మొహం కందిపోయింది.

"నాయన్ను కాల్చొచ్చిన దినం అనే మాటేనా ఇది? ఆయన చేసింది కరెక్టే. కర్మ దినాలు కానీ, రెండు బండ్ల కంప ఏపిస్తా. నీ కూతురు ఎన్ని కప్పులు గెల్సుకోనొచ్చినా ఈ బావి దిక్కు రానీను, సూడు!"

పొద్దుట్నుంచీ బిగబట్టిన ఊపిరిని గోవిందమ్మ తేలిగ్గా వదిలింది.

"మాట మర్సిపోబాకప్పా" అంది.

నారాయణస్వామి కొడుకులూ బంధువులూ బోరు దగ్గర పైపు పట్టుకుని, మోటారు సైకిళ్ళు కడిగినట్టు ఒకరినొకరు కడుక్కుని పోయారు.

గొర్రెలను దొడ్లోకి తోలుతుంటే ఫోన్ మళ్ళీ మోగింది.

"మ్మా, ఫస్ట్ వచ్చినా! కుప్పం నుంచి అట్లే బెంగుళూరు పోతాండాము. ఆయప్పకు సెప్పు. ఇప్పుడే పొయ్యి సెప్పు!"

"ఆయప్ప పొయ్యినాడు బిడ్డా. పొద్దున్నే."

అవతల గొంతు చిన్నదైపోయింది. "మరి ఆడ ఎవుర్ని తల్సుకోని ఈదాల?"

"ఏడవబాక. కొడుకుండాడు."

ఎదురింటి అరుగు మీద దీపం పెట్టారు. దాని పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. ఇవతల పందిరి గుంజకు సొరబుర్ర గాలికి మెల్లగా తిరుగుతోంది. దాని తాడుకు ఎనిమిదేళ్ళ పిల్ల నడుముకు సరిపోయే ముడి ఇంకా అట్లాగే ఉంది.