ఒక్క తడి నీళ్ళు

మబ్బు కమ్మితే ఆ ఇంట్లో అందరికీ ప్రాణం లేచివస్తుంది. ఆ మధ్యాహ్నం మాత్రం కోడలికి గుండె జారిపోయింది.

పొద్దున్నే ఆమె పొద్దుతిరుగుడు చేనంతా తిరిగి ఎరువు వేసి వచ్చింది. నీళ్ళకు కటకటలాడే చేను కాబట్టి అందులో ఒట్టి యూరియా చల్లరు. బాగా మాగిన పశువుల ఎరువులో కలిపి, మొక్క మొదట్లో గుప్పెడు పెట్టి మట్టి కప్పుతారు. ఏటా చేలోనే కలుపుకుంటారు. ఈసారీ ఆమె అలాగే చేసింది.

అన్నం తింటూ అత్త నింపాదిగా అంది.

"నిన్న సాయంత్రమే గంపల్లోని ఎరువులో యూరియా కలిపేసి ఉంచానమ్మా. నీ చేతులు పగిలున్నాయిగా, మళ్ళీ మండుతాయని."

కోడలు ముద్ద కంచంలో వదిలేసింది. అత్త గయ్యాళి అయినా బాగుండేది. ఆవిడ మంచితనమే కొంప ముంచింది. ప్రతి మొక్క మొదట్లోనూ రెండింతల యూరియా కూర్చుని ఉంది. నేల పొడిగా ఉన్నంతసేపూ ఫరవాలేదు. కుండపోతగా కురిసినా పలచబడిపోతుంది. నాలుగు చినుకులు రాలి ఊరుకుంటేనే ముప్పు. యూరియా అక్కడికక్కడే కరిగి వేళ్ళను మాడ్చేస్తుంది. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి ఆ చేనే.

రేకుల మీద టప్పుమని చినుకు పడింది. వెనకే ఇంకొకటి.

"అత్తయ్యా, నేనూ కలిపాను." అంది కోడలు.

అత్త ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే లేచింది.

"తవ్వి తీసే టైం లేదు. పద, కుంట ఇంజను వేసి చేను నిండా నీళ్ళు పెడదాం."

"కుంటలో ఉన్నది ఒక్క తడికే కదా. గింజ కట్టేటప్పుడు ఏం పెడతాం?"

"మొక్క బతికితే కదా గింజ సంగతి."

ఇద్దరూ పరుగెత్తారు. చేరేసరికి చినుకులు ఆగిపోయాయి, నేల పైపైన మాత్రం తడిసింది. కోడలు భయపడ్డదల్లా అదే. ఇంజను మొరాయించి మొరాయించి పట్టుకుంది. చెరో పార పట్టుకుని సాలు సాలుకూ నీళ్ళు మళ్ళించారు. ఏ ఆకు చూసినా కోడలికి వాడినట్టే కనిపించింది.

పొద్దు వాలేసరికి చేను నిండా తడిసింది. కుంట అడుగున బురద తేలింది. మబ్బు ఎటో చెదిరిపోయి ఆకాశం తేటపడింది. మొక్కలకు ఇవాళ్టికి గండం గడిచింది. గింజ కట్టడానికి మాత్రం ఇక బొట్టు నీళ్ళు లేవు.

అత్త గట్టు మీద కూలబడింది.

"మిమ్మల్ని ఒక్క మాట అడక్కుండా కలిపాను, నన్ను నాలుగు తిట్టండి అత్తయ్యా," అంది కోడలు.

"తిడతాలే తల్లీ. ముందు నా కాళ్ళ వణుకు తగ్గనీ."