కిటికీలోని నీలం

భర్త పోయాక మిషన్ పిన్ని ఆ రెండో అంతస్తు గదిలో ఒక్కతే ఉండేది. కిటికీ పక్కనే కుట్టుమిషన్. అందరూ రెడీమేడ్ బట్టలకు అలవాటు పడ్డాక ఆమె దగ్గరికి చిరుగులూ, తెగిన జిప్పులూ తప్ప రావడం లేదు. కింద సందు అక్కడితో ఆఖరు. ఎప్పుడూ దించి ఉండే షట్టరు, నాలుగు మెట్లు, పెచ్చులూడిన గోడ. దారి తప్పినవాళ్లే అటు వచ్చేవారు.

ఎండలు తగ్గే రోజుల్లో ఒక చిత్రకారుడు వచ్చి అక్కడ బొమ్మ వేయడం మొదలుపెట్టాడు. పిన్ని ఉండబట్టలేక కిటికీలోంచి అడిగింది.

"ఏముందని బాబూ ఇక్కడ?"

"ఏమీ లేకపోవడమే బాగుంది పిన్నిగారూ."

"మరి గోడకి ఆ వంకాయ రంగేంటి?"

"నాకలాగే కనిపించింది!"

ఆమె పకపకా నవ్వింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. మర్నాటి నుంచి రోజూ తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని కూర్చునేది. పని లేకపోయినా మిషన్ తొక్కేది. బొమ్మలో పడాలని ఆశ.

బొమ్మ పూర్తయ్యాక అతను ప్రదర్శనకు పిలిస్తే వెళ్లింది. ముద్దలు ముద్దలుగా పూసిన రంగులు, ఆకుపచ్చ ఆకాశం, పసుపుపచ్చ మెట్లు. తన కిటికీ కూడా ఉంది. అందులో ముదురు నీలం తప్ప ఏమీ లేదు.

"నేనెక్కడయ్యా?" కిటికీ చూపిస్తూ అడిగింది.

అతను నసిగాడు. "ముందు వేశాను పిన్నిగారూ. మీరుంటే ఆ సందు ఒంటరిగా అనిపించలేదు. నాకు కావలసింది ఆ ఒంటరితనమే. అందుకే మీ మీద నీలం పూసేశాను."

దగ్గరికెళ్లి చూసింది. నీలం కింద తన భుజం వంపు కాస్త ఉబ్బెత్తుగా తెలుస్తోంది. కోపం తెచ్చుకోవాలో, సంతోషించాలో ఆమెకు పాలుపోలేదు. దారి పొడుగునా అదే ఆలోచన. గదికి వచ్చి దీపం వేయకుండా చాలాసేపు కూర్చుంది.

మర్నాడు సూదీ దారం, ఒక పీట పట్టుకుని పెద్దవీధిలోకి నడిచింది. చెప్పులు కుట్టే పెద్దాయన పక్కన ఆగింది.

"కాస్త జరుగుతావా అన్నయ్యా?"

"ఏం చెల్లెమ్మా, పైన గాలి ఆడట్లేదా?"

"గాలి బాగానే ఆడుతోంది. మాటాడేవాళ్లే లేరు."

ఆయన జరిగాడు. ఆ రోజు ఒక్క బేరమూ తగల్లేదు. ఆయనా పెద్ద మాటకారి కాదు. అయినా వీధి దీపాలు వెలిగేదాకా ఆమె లేవలేదు.